ఉత్త మజ్జిగ

ఏడేళ్లుగా ఒక మాట నా దగ్గర ఉండిపోయింది. అది నా మాట కాదు. ఇంకొక మనిషికి అందించమని నా చెవిలో వేసిన మాట. నేను అందించలేదు. ఎవరి సొమ్మో దాచుకున్నవాళ్లకు తిన్నామన్న తృప్తి అయినా ఉంటుంది కదా. మాట దాచుకున్నదానికి ఏముంటుంది? బియ్యం చెరిగేటప్పుడు, చీర మడత పెట్టేటప్పుడు, ఎవరితోనో నవ్వుతూ ఉన్నప్పుడు అది లోపల కదులుతుంది. కదిలినప్పుడల్లా నేను ఇంకా గట్టిగా నవ్వుతాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఐదో తరగతి దాకా చదివాను, అక్షరాలు వంకర పోతాయి. జ్ఞాపకం మాత్రం వంకర పోదు. ఏ పెళ్లిలో ఎవరు అలిగారు, ఎవరి బారసాలకు ఎవరు ఏ రంగు చీర కట్టారు, చచ్చిపోయిన మా పెద్దత్త చివరిగా ఏం కూర అడిగింది, అన్నీ మా ఇంట్లో నన్నే అడుగుతారు. అందుకని మరిచిపోయానని చెప్పుకునే దారి నాకు లేదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను.

మాది సిరిసిల్ల వైపు పల్లె. పెళ్లైన రెండో ఏడు సూరత్ వచ్చాం. ఇక్కడ మగ్గాలు నడిచే షెడ్డును ఖాతా అంటారు. మా ఆయన అందులో పని. తర్వాత మా మరిదిని కూడా అదే ఖాతాలో పెట్టించాడు. మరిదికి పెళ్లయ్యాక సుగుణ వచ్చింది. భేస్తాన్‌లో రెండు గదులు, నడుమ ఒక గోడ, ఇద్దరికీ కలిపి ఒకటే పొయ్యి. మగవాళ్లు పన్నెండు గంటలు మగ్గాల మధ్య ఉంటే, మేమిద్దరం పర్వత్ పాటియా బజారు నుంచి వచ్చే చీరల మూటలు విప్పుకొని కూర్చునేవాళ్లం. వేలాడే దారాలు కత్తిరించడం, అంచుకు లేసు కుట్టడం, మడత పెట్టి మళ్లీ మూట కట్టడం. రోజంతా నేల మీదే.

సుగుణ వచ్చేటప్పటికి ఆమెకు తెలుగు తప్ప ఏదీ రాదు. కూరగాయల బండివాడితో కూడా నేనే మాట్లాడాలి. హిందీ, గుజరాతీ నాకు నోటికొచ్చాయి, చదువుతో కాదు, బేరాలతో. ఆమె నా కొంగు పట్టుకొని నడిచేది. అక్కా అని పిలిస్తే పక్క గదుల ఒడియా ఆడవాళ్లు కూడా, ఇద్దరూ ఒక తల్లి పిల్లలా అని అడిగేవాళ్లు. ఔననేదాన్ని.

మూడో ఏడు సుగుణ మెత్తబడింది. నడుము నొప్పి, తొడల్లో నొప్పి. కూర్చుంటే లేవలేదు. ఊరికే దాహం, బిందెడు నీళ్లు తాగడం, మాటిమాటికీ బయటికి పోవడం. తిండి వద్దనేది. ఏం లేకుండానే కళ్లలో నీళ్లు పెట్టుకునేది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఒంటి మీద దెబ్బ లేదు, జ్వరం లేదు. మరి రోగం ఎక్కడుంది? పని తప్పించుకునే వేషం అనుకున్నాను. అనుకొని ఊరుకుంటే సరిపోయేది.

నాకు దేవుడిచ్చిన విద్య ఒకటుంది. ఎవరినైనా చూస్తే అచ్చు దించుతాను. మా గదుల వరసను లైన్ అంటారు, ఆ లైన్‌లో ఆడవాళ్లు మధ్యాహ్నం మా అరుగు మీద చేరేది అందుకే. సుగుణ లేవడం ఎలా ఉంటుందో చేసి చూపించాను. ముందు ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి గోడ మీద, తర్వాత నడుం, చివరికి ఒక "అమ్మా". తర్వాత బాతులాగా నాలుగడుగులు. రాణెమ్మ లేచింది, గజ్జెలు కట్టండి అనేదాన్ని. ఆడవాళ్లు నవ్వి నవ్వి కళ్ల నీళ్లు తుడుచుకునేవాళ్లు. రాణెమ్మ అన్న పేరు లైనంతా పాకింది. సుగుణ కూడా నవ్వేది. ఆమె నవ్వుతుంది కాబట్టి తప్పు లేదనుకున్నానా? ఏమో. నవ్వకపోయినా ఆపేదాన్ని కాదేమో.

ఒకవైపు ఆటపట్టిస్తూనే, ఇంకోవైపు వైద్యం చేశాను. ఇది వింతగా ఉంటుంది మీకు. మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. ఎముకల్లో బలం లేకుంటే సున్నపు తేట ఇస్తారు మా దిక్కు. తాంబూలంలో వేసే సున్నం నీళ్లలో కలిపి, కదపకుండా ఉంచితే పైన అద్దంలాంటి నీళ్లు తేరుతాయి. అవి ఒక చెంచాడు మజ్జిగలో కలిపి పొద్దున్నే తాగించాలి. నా చేతి తేట అంటే మా వాళ్లందరికీ నమ్మకం. బాలింతలకిచ్చాను, పళ్లు రాని పిల్లలకిచ్చాను. సుగుణకు మూడు నెలలు ఇచ్చాను. తగ్గలేదు. ఇంకా ఎక్కువైంది.

అప్పుడు మా మరిది, వదినా, ఒకసారి దవాఖానలో చూపించు, నాకు సెలవు దొరకదు అన్నాడు. తీసుకుపోయాను. మొదటిసారి రక్తం తీసుకొని, వారం తర్వాత రమ్మన్నారు. రెండోసారి పోయినప్పుడు జరిగిందే నేను మోస్తున్నది.

డాక్టరు చిన్నవాడు. మీసం కూడా సరిగా దట్టం కాలేదు. కాగితం చూశాడు, సుగుణను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. ఏం తింటుంది, ఏం మందులు వాడుతున్నారు అని హిందీలో నన్నడిగాడు. నేను గొప్పగా చెప్పాను. సున్నపు తేట ఎలా తీస్తానో, ఎంత కలుపుతానో, అంతా. అతను కలం కింద పెట్టాడు. ఎవరు చెప్పారు మీకు ఇది ఇవ్వమని, ఈ రోజు నుంచే ఆపెయ్యండి, ఈమె రక్తంలో సున్నం ఇప్పటికే ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువుంది అన్నాడు. నా వెనక వరసలో ఇద్దరు గుజరాతీ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందులో ఒకామె నన్ను చూసి మూతి బిగబట్టి నవ్వింది.

ఆ నవ్వు చాలు. నా చెవులు వేడెక్కాయి. కానీ చెవులు మూసుకుపోలేదు. తర్వాత అతను చెప్పిన ప్రతి మాటా విన్నాను. మెడలో బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగుంటాయట. వాటిలో ఏదో ఒకటి పెరిగి, అదుపు తప్పి పనిచేస్తోందని అనుమానమట. అది ఎముకల్లోని సున్నాన్ని రక్తంలోకి లాగేస్తుందట. ఎముక లోపల గుల్లవుతుందట. తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. ఇంకో రక్తపరీక్ష చేయించాలి, మెడకు స్కానింగ్ తీయాలి, అదే అయితే చిన్న ఆపరేషన్‌తో నయమవుతుంది, ఆలస్యం చేస్తే ఎముక దానంతట అదే విరగొచ్చు, బరువులు ఎత్తనీయకండి అన్నాడు. ఒక చీటీ రాసిచ్చాడు. ఇంట్లో మగవాళ్లకు చెప్పండి అన్నాడు. సరే సాబ్ అన్నాను.

బయటికొచ్చాం. గేటు దగ్గర సుగుణ నా చెయ్యి పట్టుకొని ఆగింది.

"ఏమన్నడక్కా?"

"ఏమంటడు. రక్తం తక్కువున్నదట. నీరసం."

"మరి గొంతు మీద ఏలు పెట్టి సూపిచ్చిండు గద. గదేంది?"

"నీళ్లు మంచిగ తాగుమన్నడు."

"ఇంకేం రోగం లేదన్నడా?"

"లేదే. పని చేస్తే ఒళ్లు దానంతట అదే వదులైతదన్నడు."

ఆమె గాలి వదిలింది. "నేనేందో అనుకున్న. బతికిన" అంది. కొబ్బరి బోండం తాగుదామా అని అడిగింది. తాగించాను. నేనూ తాగాను.

ఎందుకు అలా చెప్పాను? ఆ గేటు దగ్గర ముందుగా ఆలోచించి చెప్పలేదు. నోరు తెరిస్తే అదే వచ్చింది. కానీ ఇంటికి పోయేటప్పుడు ఆటోలో అరగంట ఉంది. సాయంత్రం మగవాళ్లు వచ్చే దాకా ఇంకో నాలుగు గంటలు. మాట మార్చుకోవడానికి అంత సమయం ఉన్నప్పుడు, నోరు జారిందని ఎలా అనగలను? నిజం చెబితే నేను మూడు నెలలు ఆమెకు రోగాన్ని మజ్జిగలో కలిపి తాగించానని తేలుతుంది. అంతకంటే, నేను రోగిష్ఠి పిల్లను బాతునడక నడిచి చూపించానని లైనంతా అనుకుంటుంది. రాణెమ్మ కథ చెప్పి నవ్వించినది నేను. ఆ కథ అబద్ధమైతే నా దగ్గర ఇంకేం మిగులుతుంది? నా నోటికున్న పేరు కోసం ఆమె ఎముకలు ఖర్చుపెట్టాను. ఇంతకంటే శుభ్రంగా చెప్పడం నాకు రాదు.

సాయంత్రం మగవాళ్లకు డాక్టరును దించి చూపించాను. కళ్లజోడు సర్దుకోవడం, కలం ఊపడం. వాళ్లు నవ్వారు. నీరసమేనట అని ముగించాను. మర్నాడు కూరగాయలకు పోయినప్పుడు చీటీని చింపి మురికి కాలువలో వేశాను.

ఇక ఇది వినండి. నా మీద నాకే అసహ్యం వేసేది దీనికే. ఆ మర్నాటి నుంచి సుగుణకు నేను తేట కలపలేదు. గ్లాసు మాత్రం రోజూ చేతికిచ్చాను. అందులో ఉత్త మజ్జిగ. చిటికెడు ఉప్పు, అంతే. ఆమె మొహం వికారంగా పెట్టి, అక్కా, సున్నం వాసన అనేది. లేని వాసన. అలవాటుకు అనేది. నేను, తాగాలె, బలమొస్తది అనేదాన్ని. డాక్టరు సున్నం వద్దన్నాడు, ఆపాను కదా, సగం మాట నిలబెట్టాను అని నాకు నేను చెప్పుకున్నాను.

చూశారా? డాక్టరును నేను నమ్మాను. నమ్మకపోతే తేట ఎందుకు ఆపుతాను? చదువు లేనిదాన్ని, నాకేం తెలుసు, నాటువైద్యం మీద పిచ్చి నమ్మకం, ఇలా ఎన్ని చెప్పుకుందామన్నా ఆ ఉత్త మజ్జిగ అడ్డం వస్తుంది. తెలియక చేసినవాళ్లు సున్నం కలుపుతూనే ఉంటారు. నేను ఆపాను. నాకు తెలుసు.

నెలలు గడిచాయి. సుగుణ దవడ ఒకవైపు ఉబ్బింది. గట్టిగా, రాయిలాగా. పంటి వాపన్నారు. ఒక పన్ను పీకించాం. వాపు పోలేదు. బిందె నేనే ఎత్తేదాన్ని, ఆమెకు ఎత్తనిచ్చేదాన్ని కాదు. అందరూ నన్ను చూసి, చెల్లెలిని ఎంత బాగా చూసుకుంటుందో అన్నారు.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఖాళీ జాగాలో మన ఆడవాళ్లం పూలు పేర్చుకొని ఆడుకుంటాం. సుగుణ ఆడలేక స్టూలు మీద కూర్చుంది. ఆట అయిపోయాక ఆడవాళ్లు, అక్కా, రాణెమ్మను జర చెయ్యవా, శానా రోజులైంది అన్నారు. నాకు అప్పటికి అంతా తెలుసు. తెలిసి ఐదు నెలలు. చెయ్యనని ఒక్క మాట అంటే పోయేది. చెయ్యి మోకాలి మీద పెట్టాను, గోడ లేదు కాబట్టి ఒకామె భుజం పట్టుకున్నాను, లేచాను, బాతులాగా నడిచాను. అంతకుముందు ఎన్నడూ అంత బాగా చేయలేదు. సుగుణ స్టూలు మీద నుంచే చప్పట్లు కొట్టింది.

తర్వాత రెండు నెలలకు విరిగింది. ఆమె పడలేదు. ఇది అందరూ తప్పు చెబుతారు, పడి విరిగిందంటారు. నేను ఎదురుగా ఉన్నాను. మూట అందుకుందామని నేల మీద నుంచి లేచింది. ఎండిన కందికట్టె తుంచినట్టు చప్పుడైంది. ముందు తొడ విరిగింది, తర్వాత పడింది. కింద పడ్డాక కూడా అరవలేదు. నా వైపు చూసి, అక్కా, నేనేం చెయ్యలేదు అంది. ఏదో వస్తువు పగలగొట్టిన పిల్లలాగా.

ఈసారి వేరే దవాఖాన. పెద్దవయసు డాక్టరు. ఎక్స్‌రే ఫోటోలు తీశాడు, తొడలో, దవడలో ఎముక చెదలు తిన్న చెక్కలాగా ఉంది. ఇంత ముదిరేదాకా ఎక్కడా చూపించలేదా, ఎవరూ ఏమీ చెప్పలేదా అని అడిగాడు. మా మరిది నా మొహం చూశాడు. లేదు సాబ్, నీరసమన్నారు అన్నాను. మొదటిసారి నోరు జారిందని ఎవరైనా జాలిపడినా, ఈ రెండోదానికి జాలిపడకండి.

మెడ కోసి గ్రంథి తీశారు. వక్కంత ఉందట. తొడలో రాడ్డు వేశారు. ఆపరేషన్ అయిన మర్నాడు సుగుణ చేతులు కొంకర్లు పోయాయి, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుందంది. అప్పుడు డాక్టరు మా మరిదికి చెప్పాడు. లాగేసే గ్రంథి పోయింది కదా, ఇప్పుడు ఎముకలు ఆకలి మీదున్నాయి, రక్తంలో ఉన్న సున్నమంతా అవే మింగుతున్నాయి, ఇక సున్నం బాగా ఇవ్వాలి అని. సీసాలు ఎక్కించారు. నెలల తరబడి గుప్పెడేసి బిళ్లలు.

మా మరిది లైన్‌లోకొచ్చి అందరికీ ఏం చెప్పాడో ఊహించండి. "మా వదిన మొదటి నుంచి సున్నం సున్నం అని మొత్తుకుంది. ఆఖరుకు డాక్టర్లు గదే ఇచ్చిండ్రు." మా ఆయన మీసం దువ్వాడు. నేను తల దించుకున్నాను. వినయమనుకున్నారు. ఆ రోజు నుంచి నా తేటకు ఇంకా పేరొచ్చింది. కిమ్ ఊరి నుంచి కూడా మనవాళ్లు సీసాలు పట్టుకొచ్చేవాళ్లు. సున్నం మంచిది దొరకడం లేదని తిప్పి పంపేదాన్ని. దానికీ, ఎంత నియమమో చూడండి అన్నారు. నిజాన్ని పాతిపెట్టాలని నేను ఒక చెంబెడు మన్ను వేస్తే, లోకం బండ్లకొద్దీ పోసింది.

సుగుణ నడిచింది. దవడ వాపు మెల్లగా కరిగింది. ఎడమకాలు మాత్రం రెండు వేళ్ల వెడల్పంత పొట్టి. ఇప్పుడు ఆమె నడక నిజంగానే ఒరిగి ఉంటుంది, దాన్ని ఎవరూ దించరు. హిందీ బాగా నేర్చుకుంది. మూటలవాడితో ఆమే పోట్లాడుతుంది, నాకంటే గట్టిగా.

పోయిన నెల పక్క లైన్ ఆమెను వెంటబెట్టుకొని సుగుణే వచ్చింది. ఆమె బిడ్డకు కాళ్ల నొప్పులట. పదిహేడేళ్ల పిల్ల, గోడ పట్టుకొని నిలబడింది. మా అక్క చేతిలో గుణమున్నది, నన్ను లేపి నిలబెట్టింది ఆ చెయ్యే అని సుగుణ చెబుతోంది. నేను ఆ పిల్లనే చూస్తున్నాను. ముందు దవాఖానకు తీసుకుపోండి, నా దగ్గర ఏమీ లేదు అన్నాను. వాళ్లు చిన్నబుచ్చుకొని పోయారు. సుగుణ కత్తెర తీసుకొని చీర ముందు కూర్చుంది. ఎందుకక్కా గట్ల పంపినవ్ అని అడిగింది. చెప్పాను. అంతా చెప్పాను. గేటు దగ్గర చెప్పింది అబద్ధమని, గొంతు మీద వేలు ఎందుకు పెట్టాడో, చీటీ, మజ్జిగ. ముందు నవ్వబోయింది, నేనేదో కథ కడుతున్నాననుకొని. తర్వాత నవ్వలేదు.

కత్తెర ఆగిపోయింది. దారం సగం తెగి వేలాడుతోంది.

"బతుకమ్మ నాటికి నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

వేలాడే ఆ దారాన్ని వేలికి చుట్టుకుంది. తర్వాత చీర వైపే చూస్తూ అంది. "నువ్వు నా లెక్క నడిస్తే నేను గూడ నవ్విన గదక్కా. సప్పట్లు గూడ కొట్టిన."

నేను కాళ్లు పట్టుకుందామని వంగాను. కాళ్లు వెనక్కి తీసుకుంది. ఎడమకాలు నెమ్మదిగా వచ్చింది. "గీ ముచ్చట ఇంట్ల చెప్పకు" అంది. "మీ మరిదికి తెలిస్తే ఇల్లు రెండైతది. నా కాలు మీద మళ్ల పంచాయితి నాకొద్దు." అంతే. ఆ దారం కత్తిరించి, మడత పెట్టి, ఇంకో చీర అందుకుంది.

అందుకే మీకు రాస్తున్నాను. ఇంట్లో చెప్పే హక్కు నాకు లేదు, అది ఆమె తీసుకుంది. తీసుకోవడం న్యాయమే. మా ఆయన ఇప్పటికీ చుట్టాల ముందు సున్నం కథ చెబుతాడు. సుగుణ తల ఎత్తకుండా అన్నం వడ్డిస్తుంది. నన్ను తిట్టలేదు, క్షమించాననలేదు. అక్కా అంటుంది, పొయ్యి ఒకటే ఉంది. నా చేతి మజ్జిగ మాత్రం తాగదు. తనకు తానే కలుపుకుంటుంది.

ఆరు నెలలకోసారి ఆమెకు రక్తపరీక్ష ఉంటుంది. ఎప్పుడూ నేనే తోడు పోయేదాన్ని. నిన్న నేను చీర మార్చుకుంటుంటే, నువ్వు రావద్దు, నేను పోయొస్త అంది. ఒక్కతే ఆటో ఎక్కింది. సాయంత్రం మా మరిది డ్యూటీ దిగి, చెప్పులు విప్పుతూ అలవాటు ప్రకారం నన్నే అడిగాడు, వదినా, డాక్టరేమన్నడు అని.

ఏడేళ్లలో ఆ ప్రశ్నకు నా నోటి నుంచి మొదటి నిజం వచ్చింది. నాకు తెల్వదు, సుగుణనడుగు అన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ చాలా తేలిగ్గా అనిపించింది. అతను వింతగా చూసి లోపలికి పోయాడు. గోడ అవతల సుగుణ చెప్పడం మొదలుపెట్టింది. నేను బియ్యం చెరుగుతున్న చేట ఆపి, చప్పుడు చేయకుండా విన్నాను.